సర్వర్ డౌన్ అంటే ఏమిటి? — అడిగిన ప్రతి అడుగునూ లెక్క రాసే పద్ధతి



పోయిన నెల గోడ పత్రికలో 8వ తరగతి చెల్లెళ్ళు వానపాము గురించి చాలా బాగా రాశారు. ఈసారి నా వంతు వచ్చింది. నేను కంప్యూటరు గురించి రాస్తున్నాను. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకని నాకు అర్థం కావడానికి చాలా టైం పట్టింది. నాకు అర్థమైన తీరులోనే రాస్తాను. తప్పులుంటే సార్ గారు ఎర్ర పెన్నుతో దిద్దవలసిందిగా కోరుతున్నాను.

ఈ పాఠం ఎక్కడ మొదలైంది

సెలవుల్లో నేను హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళాను. మా పెద్దన్న అక్కడ శాలిబండలో ఉంటాడు, వెల్డింగు షాపులో పని. మా వదిన ఏడో తరగతితో బడి మానేసింది. ఇప్పుడు ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాయాలని ఆమె కోరిక. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు దగ్గర పడింది. ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. నేనూ వదినా చార్మినారు దగ్గర సందులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాము. (ఆ సెంటరు పేరు, ఆ పరీక్ష పేరు నేను రాయను. ఎవరినీ తప్పు పట్టడానికి ఈ పాఠం రాయడం లేదు.)

మొదటి రోజు రెండు గంటలు నిలబడ్డాము. సెంటరు అన్న "సర్వర్ డౌన్ హై, కల్ ఆనా" అన్నాడు. రెండో రోజు కూడా అదే మాట. మూడో రోజు ఫారం నింపింది, డబ్బు కట్టే దగ్గర నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఒక నిమిషం తర్వాత తెల్ల తెర మీద 504 అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ 504. కానీ అన్న ఫోనుకు రెండుసార్లు డబ్బు కట్ అయినట్టు మెసేజి వచ్చింది. రసీదు మాత్రం రాలేదు.

వదిన ఏమీ మాట్లాడలేదు. దారిలో గుల్జార్ హౌజ్ దగ్గర ఆగి, "నా రాతే ఇట్లా ఉన్నది, చదువు నాకు లేదు" అని కళ్ళు తుడుచుకుంది. అది రాత కాదని నాకు ఆ రాత్రి తెలిసింది.

అన్న ఉండే ఇంటి పైఅంతస్తులో ఒక ఆపా ఉంటుంది (పాతబస్తీలో అక్కను ఆపా అంటారు). ఆమె ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఆమె పని ఏమిటంటే, వెబ్‌సైట్లు బాగా నడుస్తున్నాయా లేదా అని కాపలా కాయడం! అడవిలో మంచె మీద కూర్చుని చేను కాసినట్టే, ఆమె తెర ముందు కూర్చుని వెబ్‌సైటును కాస్తుంది. ఆమె చెప్పిందే ఈ పాఠం.

రిక్వెస్టు అంటే

మనం ఫోనులో ఒక పేజీ తెరిస్తే, మన ఫోను దూరంలో ఉన్న ఒక పెద్ద కంప్యూటరుకు చిట్టీ పంపుతుంది. "నాకు ఫలానా పేజీ ఇవ్వు" లేదా "ఈ ఫారం తీసుకో" అని. ఆ చిట్టీని రిక్వెస్టు అంటారు. జవాబు ఇచ్చే కంప్యూటరును సర్వరు అంటారు. మనం మెస్‌లో పళ్ళెం పట్టుకుని "అక్కా, ఇంకొంచెం పప్పు" అనడం రిక్వెస్టు. వంటక్క వేసినా, "అయిపోయింది" అన్నా, అది జవాబు.

ఆ ఒక్క అడుగు వెనక చాలా అడుగులుంటాయి. వంటక్క స్టోరు రూము వైపు చూడాలి, స్టోరు రూము తాళం మేడం దగ్గర ఉంటుంది. అట్లాగే ఫీజు కట్టే సర్వరు బ్యాంకును అడగాలి, బ్యాంకు తన లెక్కల కంప్యూటరును అడగాలి, అక్కడి నుంచి మెసేజి పంపే కంప్యూటరుకు చెప్పాలి. ఇందులో ఏ ఒక్కరు పలకకపోయినా మనకు కనిపించేది తిరిగే చక్రమే.

మూడంకెల జవాబులు

ప్రతి జవాబు మీద సర్వరు మూడంకెల సంఖ్య ఒకటి వేస్తుంది. ప్రపంచమంతా ఇవే సంఖ్యలు. వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ అనే పరిశోధన సంస్థలో ఉండగా ప్రతిపాదించాడు. ఈ సంఖ్యల పద్ధతి ఆ తొలి రోజుల నుంచి వస్తున్నది. ముఖ్యమైనవి నేర్చుకుందాం.

200 — పని అయింది, ఇదిగో తీసుకో.
400 — నువ్వు అడిగిన తీరు నాకు అర్థం కాలేదు.
401 — ముందు నువ్వెవరో చెప్పు.
403 — దీనికి నీకు అనుమతి లేదు.
404 — నువ్వడిగిన పేజీ ఇక్కడ లేదు.
429 — మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు, ఆగు.
500 — నా లోపలే ఏదో చెడిపోయింది.
503 — ఇప్పుడు నావల్ల కాదు, తర్వాత రా.
504 — నా వెనక ఉన్నవాడిని అడిగాను, వాడు పలకలేదు, ఎదురుచూసి ఆపేశాను.

ఒక సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. 4తో మొదలైతే అడిగిన వైపు తేడా ఉంది. 5తో మొదలైతే సర్వరు వైపు తేడా ఉంది. అయితే ఆపా ఇంకో మాట కూడా చెప్పింది. ఒకరికి 404 వస్తే వాళ్ళు పేరు తప్పు కొట్టి ఉండొచ్చు. వెయ్యి మందికి ఒకే చోట 404 వస్తే వెయ్యి మందీ తప్పు కాదు, అక్కడికి దారి రాసినవాడు తప్పు రాశాడు.

చూశారా! సెంటరు అన్న అన్నింటికీ "సర్వర్ డౌన్" అనే ఒక్క మాట అన్నాడు. జ్వరం, దగ్గు, విరేచనాలు అన్నింటికీ ఒకే గోలీ ఇచ్చినట్టు. 504 అంటే సర్వరు పడిపోలేదు. సర్వరు నిలబడే ఉంది, దాని వెనక ఉన్నవాడు టైముకు పలకలేదు. పలకకపోయినా లోపల పని అయి ఉండవచ్చు. అందుకే డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు.

కాబట్టి 504 వస్తే వెంటనే మళ్ళీ నొక్కకూడదు. ముందు డబ్బు పోయిందా చూడాలి. మంచిగా తయారు చేసిన వెబ్‌సైటు అయితే ప్రతి చెల్లింపుకు ఒక గుర్తు నంబరు పెడుతుంది. అదే నంబరు రెండోసారి వస్తే "ఇది ఇంతకు ముందు వచ్చిందే" అని గుర్తుపట్టి రెండోసారి డబ్బు తీసుకోదు.

లాగు పుస్తకం

ప్రతి రిక్వెస్టునూ సర్వరు ఒక వరసలో రాసుకుంటుంది. ఎప్పుడు వచ్చింది, ఏం అడిగింది, ఏ సంఖ్య జవాబిచ్చాం, ఎంతసేపు పట్టింది. దీన్ని లాగు అంటారు. ఇంగ్లీషులో లాగ్ అంటే దుంగ అని మనకు తెలుసు. పూర్వం ఓడ ఎంత వేగంగా పోతున్నదో తెలుసుకోవడానికి తాడు కట్టిన చెక్కను నీళ్ళలోకి వేసి, ఎంత తాడు జారిందో లెక్కబెట్టేవారు. ఆ లెక్కలు రాసే పుస్తకానికి లాగ్ బుక్ అనే పేరు వచ్చింది. కంప్యూటరు వాళ్ళు ఆ పేరే తీసుకున్నారు. మన దుంగ అంత దూరం పోయిందంటే నాకు సంతోషం అనిపించింది.

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్-2 అనే పెద్ద కంప్యూటరు పని చేయలేదు. లోపల చూస్తే ఒక రిలేలో రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది. వాళ్ళు దాన్ని తీసి, లాగు పుస్తకంలో టేపుతో అతికించి, పక్కన రాసిపెట్టారు. ఆ పుస్తకం కూడా మన గోడ పత్రికలాగే చేత్తో రాసిందే. పురుగును పారేయకుండా రాసిపెట్టారు కాబట్టే ఇన్నేళ్ళ తర్వాత నేను మీకు చెప్పగలుగుతున్నాను.

వదిన ఫీజు సంగతి సర్వరు లాగులో ఎట్లా ఉండి ఉంటుందో ఆపా కాగితం మీద ఇట్లా రాసి చూపింది:

11-00-07 | ఫీజు చెల్లింపు | 504 | 60 సెకన్లు
11-01-20 | ఫీజు చెల్లింపు | 504 | 60 సెకన్లు

నేను వెంటనే అన్నాను, "ఆపా, మేం వెళ్ళింది సాయంత్రం నాలుగున్నరకు కదా, పదకొండు అని రాశారేంది?" అని. ఆపా నవ్వి, "మంచి ప్రశ్న" అంది. చాలా సర్వర్లు ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైము రాస్తాయి. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. 4-30 లోంచి 5-30 తీసేస్తే (16-30 నుంచి తీయాలి) 11-00.

చార్మినారుకు నాలుగు వైపులా నాలుగు గడియారాలున్నాయి. వాటిని 1889లో పెట్టారు. ఒక్కో గడియారం ఒక్కో టైము చూపిస్తే, తూర్పున నిలబడినవాడికీ పడమర నిలబడినవాడికీ ఏది ముందు జరిగిందో తగవు వస్తుంది. సర్వర్లు కూడా అంతే. పది సర్వర్లుంటే పది గడియారాలూ ఒకటిగా ఉండాలి. లేకపోతే లాగు ఉన్నా దొంగ దొరకడు. ఆ సెంటరు గోడ గడియారం ఆరు నిమిషాలు ముందు ఉండింది. ఫోనులో వచ్చిన బ్యాంకు మెసేజి టైమే మాకు పనికొచ్చింది.

కాపలాలో చూడవలసిన నాలుగు

గూగుల్ కంపెనీ ఇంజనీర్లు 2016లో వచ్చిన ఒక పుస్తకంలో నాలుగు సంగతులు తప్పక చూడాలని రాశారు.

1. ఎంత ఆలస్యం అవుతున్నది?
2. ఎంతమంది వస్తున్నారు?
3. ఎన్ని తప్పులు వస్తున్నాయి?
4. ఎంతవరకు నిండిపోయింది?

మన మెస్‌కు కూడా ఇవి సరిపోతాయి. వరసలో ఎంతసేపు నిలబడ్డాం, ఎంతమందిమి ఉన్నాం, ఎంతమంది తినకుండా తిరిగి వెళ్ళారు, గిన్నె ఎంత ఖాళీ అయింది.

ఆలస్యం దగ్గర ఒక మోసం ఉంది. ఈ లెక్క చేయండి. పదిమంది రిక్వెస్టు పంపారు. తొమ్మిది మందికి 1 సెకనులో జవాబు వచ్చింది. ఒకరికి 61 సెకన్లు పట్టింది. మొత్తం 70 సెకన్లు, సగటు 7 సెకన్లు. కానీ 7 సెకన్లు ఆగినవారు ఒక్కరూ లేరు! ఆ సగటు కాగితం మీద బాగానే కనిపిస్తుంది. 61 సెకన్లు ఆగిన మనిషి అందులో మాయమైపోతాడు. ఆ మనిషి మా వదిన. అందుకే తెలిసినవాళ్ళు సగటు ఒక్కటే చూడరు. నూరు మందిని తక్కువ ఆగినవాడి నుంచి ఎక్కువ ఆగినవాడి దాకా వరసగా నిలబెట్టి, 95వ మనిషి ఎంతసేపు ఆగాడు, 99వ మనిషి ఎంతసేపు ఆగాడు అని చూస్తారు. వరస చివర ఉన్నవాళ్ళను చూడటమే కాపలా.

గంట ఎప్పుడు కొట్టాలి

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. పాతబస్తీ చుట్టుపక్కల వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా అడిగారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్ నిండు మట్టం 1790 అడుగులు. వానాకాలంలో మట్టం ఎంత ఉంది, పై నుంచి నీరు ఎంత వేగంగా వస్తున్నది అని రాసుకుంటూ ఉంటారు. పూర్తిగా నిండేదాకా ఆగరు. ముందే గేట్లు ఎత్తి కింది వాళ్ళకు హెచ్చరిక చెబుతారు. అయినా 2025 సెప్టెంబరులో మూసీ నీరు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. కాబట్టి లెక్క రాయడం ఒక్కటే చాలదు, గేటు ఎత్తాక కింద ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

వెబ్‌సైటుకు కూడా ఒక గీత గీస్తారు. ఉదాహరణకు నూరు రిక్వెస్టుల్లో రెండింటికి మించి 5 వరస తప్పులు ఐదు నిమిషాలపాటు వస్తే ఆపా ఫోను మోగుతుంది. గీత మరీ కింద గీస్తే రాత్రంతా ఊరికే మోగుతుంది. అట్లా మోగితే మనిషి అలవాటు పడి నిద్రపోతాడు. మన హాస్టల్లో ఉత్తుత్తి గంట కొట్టినప్పుడు మనం ఎట్లా లేవమో, అట్లాగే!

2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్ళు దాటినవారికి కరోనా టీకా పేర్ల నమోదు కోవిన్‌లో తెరిచారు. మొదట్లో నిమిషానికి దాదాపు 27 లక్షల రిక్వెస్టులు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. కొందరికి ఓటీపీ రాలేదు, కొందరికి పేజీ తెరుచుకోలేదు. అయినా ఆ ఒక్కరోజే కోటి మందికి పైగా పేర్లు నమోదయ్యాయి. రెండూ నిజమే. కోటి మందికి పని అయింది అనేదీ నిజం, తెరుచుకోలేదు అన్నవాళ్ళ మాటా నిజం.

లాగులో రాయకూడనివి

అన్నీ రాయాలి కదా అని అన్నీ రాయకూడదు. పాస్‌వర్డు, ఓటీపీ, ఆధార్ నంబరు, ఆస్పత్రి జబ్బుల సంగతి లాగులో ఉండకూడదు. లాగు చాలామంది చూస్తారు. 2023లో మన దేశంలో వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడే చట్టం కూడా చేశారు. సిక్ రూము రిజిస్టరులో ఎవరికి ఏం నొప్పి అన్నది వరండాలో అందరి ముందు చదవరు కదా.

లాగుకు కనపడని మనిషి

ఇది నేను సొంతంగా ఆలోచించింది. ఆపాకు చెబితే ఆమె చాలాసేపు ఊరుకుని, "ఇది రాయి" అంది.

మా గూడెంలో మా అవ్వ బియ్యానికి పోతే వేలి ముద్ర వేయాలి. ఏళ్ళ తరబడి తునికాకు కోసి, కట్టెలు మోసి అవ్వ వేళ్ళ గీతలు అరిగిపోయాయి. మిషను "కలవలేదు" అంటుంది. మిషను చెడిపోలేదు, సర్వరు పడిపోలేదు. రిక్వెస్టు వెళ్ళింది, జవాబు వచ్చింది. లాగులో అది తప్పుగా ఉండకపోవచ్చు, తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది. కానీ అవ్వ సంచి ఖాళీ. రెండుసార్లు తిరిగి వచ్చి, మూడోసారి అవ్వ వెళ్ళనే లేదు. వెళ్ళని మనిషి పేరు ఏ లాగులో ఉంటుంది? (తర్వాత కన్ను చూపించి తీసుకునే పద్ధతి వచ్చాక ఇచ్చారు.)

మా గూడెంలో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. గుట్ట కింద నుంచి పంపిన రిక్వెస్టు సర్వరుకు చేరనే చేరదు. చేరని దాన్ని సర్వరు ఎట్లా రాసుకుంటుంది? కాబట్టి కాపలా కాసేవాళ్ళు వచ్చిన తప్పుల్ని లెక్కబెట్టడంతో పాటు, "రావలసినవాళ్ళు ఎందుకు రాలేదు?" అని కూడా అడగాలి. పోయిన నెల ఒక ఊరి నుంచి నలభై మంది వచ్చి, ఈ నెల పదిమందే వస్తే, అది కూడా ఒక ఎర్రరే. అది తెలియాలంటే తెర చూస్తే చాలదు. ఊరికి పోయి అడగాలి.

వదిన సంగతి ఏమైంది

ఆపా చెప్పినట్టు మేము ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాశాము. తేదీ, బ్యాంకు మెసేజి టైము రెండూ, వచ్చిన సంఖ్య 504, బ్యాంకు ఇచ్చిన లావాదేవీ నంబర్లు. "సర్వర్ డౌన్" అని రాయలేదు. దాన్ని ఫిర్యాదుగా పంపాము. ఇంతకు ముందు ఫోను చేస్తే "చూస్తాం" అన్నవాళ్ళు, ఈసారి ఆ టైము పట్టుకుని వెతికారు. ఆరు రోజులకు ఒక ఫీజు జమ అయినట్టు రసీదు వచ్చింది, రెండోది అన్న ఖాతాకు తిరిగి వచ్చింది. వదిన పరీక్ష రాసింది. లెక్కలు తప్ప మిగతావన్నీ పాసయింది. లెక్కలు మళ్ళీ రాస్తానంటున్నది. ఇప్పుడు ఆమె నోట "నా రాత" అనే మాట రావడం లేదు.

మన హాస్టలుకు నా మనవి

వార్డెన్ మేడం గారూ, తప్పుగా అనుకోవద్దు. బాత్రూము వైపు లైటు పోయిందని మేము చాలాసార్లు నోటితో చెప్పాము. ఎవరు ఎప్పుడు చెప్పారో మాకే గుర్తులేదు. మీకెట్లా గుర్తుంటుంది? అందుకని నేను ఒక నోటుపుస్తకానికి గీతలు కొట్టి ఆఫీసు బయట దారంతో కట్టాను. అందులో ఐదు గళ్ళు ఉన్నాయి: తేదీ, టైము, ఎక్కడ, ఏం జరిగింది, ఎప్పుడు బాగైంది. పేరు రాయనక్కర లేదు. చిన్న పిల్లలకు రాయడం రాకపోతే 9వ తరగతి వాళ్ళం రాసిపెడతాము. నెల చివర లెక్క తీసి ఇదే గోడ మీద పెడతాము. బాగైనవి కూడా రాస్తాము. మరమ్మత్తు చేసిన అంకుల్ కష్టం కూడా తెలియాలి కదా.

ఆలోచించి జవాబు రాయండి

1. 403కూ 404కూ తేడా ఏమిటి? మన లైబ్రరీ నుంచి ఉదాహరణ ఇవ్వండి.
2. ఇరవై మందిలో పంతొమ్మిది మందికి 2 సెకన్లు, ఒకరికి 42 సెకన్లు పట్టింది. సగటు ఎంత? ఆ సగటు ఎవరిని దాచింది?
3. లాగులో సాయంత్రం మన టైము 6-15 యూటీసీలో ఎంత అని ఉంటుంది?
4. మీ ఊరిలో ఏ లాగులోనూ లేని మనిషి ఎవరు? సెలవుల్లో అడిగి తెలుసుకుని రండి.

మొదటి మూడు ప్రశ్నలకు జవాబులు వచ్చే నెల పత్రికలో ఉంటాయి. నాలుగో దానికి జవాబు నా దగ్గర లేదు, మీరే తేవాలి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి